యూనివర్సిటీ ఆన్‌లైన్‌కి వెళ్లేముందు బడ్జెట్‌లో వెతకాల్సిన పద్దు

ముందు మీ ప్రశ్నని నా మాటల్లో చెప్తాను, సరిగ్గా పట్టుకున్నానో లేదో చూడండి. వచ్చే విద్యా సంవత్సరం నుంచి కొన్ని కోర్సులు ఆన్‌లైన్‌లో నడపాలనీ, వాటి పాఠ్య సామగ్రిని అందరికీ ఉచితంగా తెరవాలనీ మీ యూనివర్సిటీ తీర్మానించింది. కమిటీలో మిమ్మల్ని వేశారు. రికార్డింగ్ స్టూడియోకి డబ్బు మంజూరైంది, ప్లాట్‌ఫాంకి కొటేషన్లు వచ్చాయి. ఏ ప్లాట్‌ఫాం మంచిది, అధ్యాపకుల్ని ఒప్పించేదెలా, దీనివల్ల ఖర్చు తగ్గుతుందా అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదట దూరవిద్య పాఠాలకి ఎడిటర్‌గా చేశాను, తర్వాత ఆన్‌లైన్ కోర్సులు నడిపాను. మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మొదటి రెండు మూడేళ్లు ఖర్చు పెరుగుతుంది. తర్వాత తగ్గుతుందా లేదా అన్నది డబ్బు ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. మీరు రాసిన ఖర్చుల పట్టీలో కెమెరాలున్నాయి, లైట్లున్నాయి, సర్వర్ ఉంది, ఎడిటింగ్ ఉంది. ఒక పద్దు మాత్రం లేదు: అసైన్‌మెంట్లు ఎవరు దిద్దుతారు, దిద్దినందుకు వాళ్ల పనిగంటల్లో ఎంత లెక్క కడతారు? నేను చూసినంతలో ఆన్‌లైన్ కోర్సులు నిలబడ్డా పడిపోయినా ఈ పద్దు దగ్గరే.

మీ తీర్మానంలో ‘ఓపెన్’, ‘ఆన్‌లైన్’ అనే రెండు మాటలూ కలిసిపోయాయి. వాటిని విడదీయకపోతే కమిటీలో ఒకరు ఒకటి చెప్తే ఇంకొకరికి ఇంకొకటి వినిపిస్తుంది. ఓపెన్ అంటే ఒకరికి ప్రవేశార్హత అడగకపోవడం. ఇంకొకరికి డబ్బు తీసుకోకుండా చూడనివ్వడం. మూడో అర్థం లైసెన్సుది: మన పాఠాన్ని వేరేవాళ్లు తీసుకుని, మార్చుకుని, తమ విద్యార్థులకి ఇచ్చుకోవచ్చు. ఈ మూడూ వేర్వేరు నిర్ణయాలు, మూడింటికీ వేర్వేరు ఖర్చులు.

మొదటి అర్థానికి చాలా పాత చరిత్ర ఉంది. లండన్ యూనివర్సిటీ 1858లోనే, ఎక్కడ చదివారన్నది చూడకుండా పరీక్ష రాసి నెగ్గితే డిగ్రీ ఇవ్వడం మొదలుపెట్టింది. పాఠం మాత్రం చెప్పలేదు, చదువు విద్యార్థి తిప్పలే. ఆ లోటు పూడ్చింది బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ. 1969లో చార్టర్ వచ్చింది, 1971 జనవరిలో సుమారు 24 వేల మందితో చదువు మొదలైంది. దాని పేరు చెప్పగానే అందరూ బీబీసీలో తెల్లవారుజామున వచ్చే పాఠాలు గుర్తుచేసుకుంటారు. లోపల పనిచేసినవాళ్లని అడిగితే వేరే చెప్తారు. విద్యార్థిని కోర్సు చివరిదాకా లాక్కొచ్చింది పోస్టులో వెళ్లి, ట్యూటర్ దిద్ది, వ్యాఖ్యలు రాసి తిప్పి పంపిన అసైన్‌మెంటు. ఆ ట్యూటర్ ఎలా దిద్దుతున్నాడో చూడ్డానికి పైన ఇంకొకరు. కొన్ని పేపర్లు తీసి, మార్కులు సరిగ్గా వేశాడా, రాసిన వ్యాఖ్య విద్యార్థికి పనికొస్తుందా అని పరిశీలించేవారు. దిద్దడం మీద కూడా నాణ్యత తనిఖీ పెట్టిన సంస్థ అది. భారతదేశంలో ఈ తరహా మొదటి విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది. ఇప్పుడు దాన్ని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. అక్కడా పుస్తకాలతో పాటు అధ్యయన కేంద్రాలూ కౌన్సెలర్లూ ఉన్నారు. పుస్తకం పోస్టులో పంపేస్తే చదువు చెప్పినట్టే అని దూరవిద్య తెలిసినవాళ్లెవరూ అనుకోలేదు.

ఆ మాట తర్వాతి తరం మర్చిపోయింది. ఇంటర్‌నెట్ వచ్చేసరికి పాఠం చేరవేయడం ఎంత తేలికైందంటే, చేరవేస్తే సరిపోతుందనుకున్నారు. ఇందులో ఎంఐటీ తప్పు లేదు. 2001లో ఓపెన్‌కోర్స్‌వేర్ ప్రకటించినప్పుడే వాళ్లు సూటిగా చెప్పారు: మా కోర్సుల సామగ్రి ఇస్తాం, క్రెడిట్ ఇవ్వం, మా అధ్యాపకుల్ని అందుబాటులో పెట్టం. 2002లో 50 కోర్సులతో మొదలై కొన్నేళ్లలో దాదాపు పాఠ్యక్రమం మొత్తం తెరిచారు. అది ప్రచురణ ప్రాజెక్టు, దాన్ని అలాగే నడిపారు. చూసి వాతలు పెట్టుకున్నది మిగతావాళ్లు. పీడీఎఫ్‌లు పైకెక్కించి ‘ఆన్‌లైన్ విద్య ప్రారంభించాం’ అన్నారు.

2008లో కెనడాలోని మానిటోబా యూనివర్సిటీలో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ ఒక కోర్సు నడిపారు. ఫీజు కట్టినవాళ్లు 25 మంది, ఉచితంగా చేరినవాళ్లు సుమారు 2,200 మంది. వేల మందికి తెరిచిన ఆన్‌లైన్ కోర్సుకి మూక్ అనే పేరు పుట్టింది దాన్నుంచే. దాన్ని లోకమంతా తెలిసేలా చేసింది మాత్రం 2011లో స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ కోర్సు. 1,60,000 మంది చేరారు, 20 వేలకు పైగా పూర్తిచేశారు. మర్నాడే యూనివర్సిటీలు మూతపడతాయన్నంత హడావుడి. ఆ హడావుడిలోనే 2012లో కోర్సెరా, ఎడెక్స్, ఉడాసిటీ అనే ఆన్‌లైన్ కోర్సుల సంస్థలు వచ్చాయి. తర్వాత లెక్కలు తేలాయి. హార్వర్డ్, ఎంఐటీల ఎడెక్స్ కోర్సుల ఆరేళ్ల డేటాని 2019లో సైన్స్ పత్రికలో విశ్లేషించారు. చేరినవాళ్లలో సగం మందికి పైగా కోర్సులోకి ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. 2017–18 నాటికి పూర్తిచేసినవాళ్లు 3 శాతం దగ్గర ఆగారు. ఏటికేడు మెరుగుపడిన జాడ కూడా లేదు.

ఉచితంగా, సరదాకి చేరినవాళ్ల సంఖ్యతో కోర్సుని తూచకూడదన్న వాదన ఉంది, అందులో న్యాయం ఉంది. కానీ మీరు పెట్టబోయేది సరదా కోర్సు కాదు, డిగ్రీలో లెక్కకొచ్చేది. కాబట్టి మీకు పనికొచ్చే ఉదాహరణలు వేరే ఉన్నాయి. 2013 మొదట్లో శాన్‌హోసే స్టేట్ యూనివర్సిటీ, ఉడాసిటీ కలిసి పునాది గణితం, ఆల్జీబ్రా, స్టాటిస్టిక్స్ కోర్సుల్ని క్రెడిట్‌తో నడిపాయి. అంతకుముందు గణితంలో తప్పినవాళ్లూ, హైస్కూలు విద్యార్థులూ అందులో ఉన్నారు. ఉత్తీర్ణత క్యాంపస్ తరగతుల కంటే బాగా తగ్గి, జులై నాటికి ప్రయోగాన్ని తాత్కాలికంగా ఆపాల్సి వచ్చింది. అదే ఏడాది వేసవి విడతలో ఫలితాలు మెరుగయ్యాయి. అయితే ఆ విడతలో చేరినవాళ్లలో సగం మందికి పైగా ముందే డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లు.

దీని పక్కన జార్జియా టెక్‌ని పెట్టి చూడండి. 2014 జనవరిలో కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్‌ని పూర్తిగా ఆన్‌లైన్‌లో మొదలుపెట్టారు. మొత్తం డిగ్రీకి దాదాపు 7,000 డాలర్లు. వేల మంది చేరారు, కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ చేరినవాళ్లు ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు, చదవడం ఎలాగో అప్పటికే వచ్చినవాళ్లు. ఇది మొదటి కారణం. రెండోది, దిద్దడానికీ సందేహాలు తీర్చడానికీ మనుషుల్ని పెట్టారు. కోర్సు పెరిగేకొద్దీ టీచింగ్ అసిస్టెంట్ల సంఖ్యా పెరిగింది. అదే కార్యక్రమంలో 2016లో ప్రొఫెసర్ అశోక్ గోయెల్ ‘జిల్ వాట్సన్’ అనే ప్రోగ్రాంని చర్చా వేదికలో ప్రశ్నలకి జవాబు చెప్పడానికి పెట్టారు. దానికి అప్పజెప్పింది మాత్రం గడువెప్పుడు, ఫైలు ఏ ఫార్మాట్‌లో పంపాలి లాంటి పదేపదే వచ్చే ప్రశ్నలు. ఇప్పటి కృత్రిమ మేధ అంతకంటే చాలా చేస్తుంది, ఒప్పుకుంటాను. అయినా ఏ పనిని యంత్రానికివ్వాలో, ఏది మనిషి చేతిలో ఉంచాలో వాళ్లు ఆ రోజు గీసిన గీత ఇప్పటికీ మంచి గీతే అనుకుంటాను.

దిద్దడం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఒక చిన్న సంగతి. స్టాటిస్టిక్స్ కోర్సులో ఒక యూనిట్ చివర క్విజ్ ఉండేది, యంత్రమే మార్కులు వేసేది. p విలువ (నిజంగా ప్రభావమేమీ లేదనుకుంటే, కనీసం ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించడానికి ఉన్న అవకాశం) 0.05 కంటే తక్కువైతే ఏం చేయాలి? ‘శూన్య పరికల్పనని’, అంటే ప్రభావమేమీ లేదన్న ఊహని, ‘తిరస్కరించాలి’ అన్న ఆప్షన్‌ని దాదాపు అందరూ నొక్కారు, పచ్చ టిక్కు వచ్చింది. మా డాష్‌బోర్డు చూస్తే ఆ యూనిట్ బ్రహ్మాండంగా అర్థమైనట్టే. అదే విషయం మీద ఓ అరపేజీ రాయమని అడిగితే, ఒకమ్మాయి ‘p విలువ 0.03 కాబట్టి మందు పనిచేయకపోవడానికి 3 శాతం మాత్రమే అవకాశం ఉంది’ అని రాసింది. చదవడానికి ఎంత బాగుందో చూడండి. పూర్తిగా తప్పు. ట్యూటర్ మార్జిన్‌లో రాసింది నాకు ఇంకా గుర్తుంది: ‘మందు పనిచేయదు అనుకునే ఈ 0.03ని కట్టాం. పనిచేయదని ముందే అనుకుని కట్టిన లెక్క, పనిచేయకపోవడానికి ఎంత అవకాశమో ఎలా చెప్తుంది? ఈ వాక్యం ఒక్కటి మార్చి మళ్లీ పంపండి, మిగతాది బాగుంది.’ నాలుగు రోజుల తర్వాత ఆ అమ్మాయి సరిచేసి పంపింది. తర్వాత మిగతా పేపర్లు వెతికితే అదే తప్పు సగం మందిలో కనిపించింది. వీడియోలో ప్రొఫెసర్‌గారు ఆ సంగతి సరిగ్గానే చెప్పారు, రెండుసార్లు చెప్పారు కూడా.

ఆ వ్యాఖ్య రాయడానికి ట్యూటర్‌కి పది పన్నెండు నిమిషాలు పట్టి ఉంటుంది. ఒక్కో విద్యార్థికి ఒక్కో కోర్సులో ఇలాంటివి నాలుగైనా కావాలి. మీ చేరికల సంఖ్యతో గుణించి చూడండి, మీ పట్టీలో లేని పద్దు ఎంతో తెలుస్తుంది. ఖర్చు తగ్గుతుందనే ఆశకి గండి పడేదీ ఇక్కడే. వీడియో ఒకసారి తీస్తే వెయ్యి మందికైనా అదే ఖర్చు. దిద్దడం అలా కాదు, మనిషి పెరిగితే ఖర్చూ పెరుగుతుంది.

వీడియో సంగతికొస్తే, మీ స్టూడియో ప్రణాళిక చూసి కొంచెం నవ్వొచ్చింది, ఏమనుకోకండి. మేమూ అలాగే చేశాం. మా దగ్గర సీనియర్ అధ్యాపకులొకరు ఉండేవారు. తరగతిలో ఆయన చెప్తుంటే గంట తెలిసేది కాదు. స్టూడియోలో లైట్ల కింద నిలబెడితే మొదటి పది నిమిషాలు లెన్స్ వైపు చూస్తూ గొంతు సవరించుకోవడంతోనే సరిపోయింది. ఎవరి ముఖంలోనూ అర్థమైందో లేదో కనిపించదు కదా, ప్రతి వాక్యాన్నీ మూడుసార్లు చెప్పారు. యాభై నిమిషాల పాఠం గంటా పావు అయింది. చూసినవాళ్ల గీత గీస్తే ఆరేడు నిమిషాల దగ్గర కొండ మీంచి దూకినట్టు పడిపోయింది. తర్వాత తెలిసింది, ఇది ఆయన లోపం కాదని. ఎడెక్స్‌లో 69 లక్షల వీడియో వీక్షణల్ని విశ్లేషించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడుగున్నా మధ్యస్థ వీక్షణ సమయం ఆరు నిమిషాలు దాటలేదని తేలింది. స్టూడియోలో ఖరీదుగా తీసినవాటి కంటే బల్ల దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడినవాటినే ఎక్కువసేపు చూస్తారన్నది కూడా అందులోనే ఉంది. మా సారు తర్వాత తన గదిలో, కాగితం మీద పెన్నుతో లెక్క చేస్తూ, పైనుంచి ఫోన్‌తో తీయించుకున్నారు. ఏడు నిమిషాల ముక్కలు. మేం మంచి మైకు ఒక్కటి కొనిచ్చాం, అంతే.

లైసెన్సు గురించి మీరు అడగలేదు గానీ, మేం ఎక్కువ నష్టపోయింది అక్కడే. నేను అప్పుడు పనిచేసిన చోట ఒక జీవశాస్త్ర కోర్సు మొత్తం సిద్ధమయ్యాక, ప్రారంభానికి నెల ముందు, ‘ఓపెన్’ అని ముద్ర వేద్దామని కూర్చున్నాం. స్లైడ్లు తిరగేస్తే సగానికి సగం బొమ్మలు పేరున్న ప్రచురణకర్తల పాఠ్యపుస్తకాల నుంచి తీసినవి. తరగతి గదిలో నలభై మందికి చూపిస్తే ఎవరూ అడగరు. లోకానికి తెరిచి, పైగా ‘మీరూ వాడుకోండి’ అంటే అది మనది కాని ఆస్తిని దానం చేయడం. బొమ్మలన్నీ మళ్లీ గీయించడానికి నెలన్నర పట్టింది, ప్రారంభం వాయిదా పడింది. అందుకే మొదటి స్లైడు తయారవక ముందే అధ్యాపకులకి చెప్పండి: సొంతంగా గీసింది, లేదా క్రియేటివ్ కామన్స్ (ఇతరులు వాడుకోవచ్చని ముందే అనుమతి ఇచ్చే లైసెన్సులు) కింద ఉన్నది మాత్రమే పెట్టాలి, పక్కనే ఎవరిదో రాయాలి.

ఏ లైసెన్సు పెట్టాలన్నదాని మీద నా అభిప్రాయం గట్టిది. క్రియేటివ్ కామన్స్‌లో సీసీ బై పెట్టండి, అంటే మన పేరు చెప్తే చాలు, ఎలాగైనా వాడుకోవచ్చు. మనసొప్పకపోతే సీసీ బై ఎస్‌ఏ, అంటే మార్చినదాన్ని కూడా అదే లైసెన్సుతో పంచాలి. ‘మార్పులు చేయరాదు’ అనే ఎన్‌డీ మాత్రం వద్దు. పాఠాన్ని ఎవరో పాడుచేస్తారన్న భయంతో కమిటీలు దాని వైపు మొగ్గుతాయి. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. ఎన్‌డీ పెట్టిన పాఠాన్ని ఇంకో భాషలోకి తేవాలంటే మళ్లీ మీ దగ్గరికొచ్చి అనుమతి అడగాలి. ఓపెన్ విద్యా సామగ్రి గురించి రాసే డేవిడ్ వైలీ ఓపెన్ అనడానికి ఐదు హక్కులు చెప్పారు: దాచుకోవడం, వాడుకోవడం, మార్చుకోవడం, కలుపుకోవడం, పంచుకోవడం. ఎన్‌డీతో అందులో రెండు పోతాయి. అలాగే పాఠం మీద కాపీరైట్ అధ్యాపకుడిదా, యూనివర్సిటీదా అన్నది ముందే కాగితం మీద రాసుకోండి. ఆయన వేరే చోటికి వెళ్లాక రాసుకుందామంటే కుదరదు.

పాఠ్యపుస్తకం ఉచితమైతే చదువు మెరుగవుతుందా అన్న ప్రశ్న కూడా కమిటీలో వస్తుంది. జార్జియా యూనివర్సిటీలో 2018లో వెలువడిన అధ్యయనం 21,822 మంది విద్యార్థుల ఫలితాల్ని చూసింది. ఓపెన్ పుస్తకాలకి మారాక మార్కులు పెరిగాయి, తప్పేవాళ్లూ మధ్యలో మానేసేవాళ్లూ తగ్గారు. పేద విద్యార్థుల్లో ఆ మేలు ఇంకొంచెం ఎక్కువ కనిపించింది. పుస్తకంలో మహిమ ఉందని నేననను. మొదటి రోజే అందరి చేతిలో పుస్తకం ఉండటమే తేడా అయి ఉండొచ్చు. అదీ తక్కువేం కాదు.

సబ్‌టైటిళ్ల ఖర్చు ఇప్పుడే వేసుకోండి, తర్వాత అనకండి. బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ఏళ్ల తరబడి పోగుచేసిన 20 వేలకు పైగా ఆడియో, వీడియో పాఠాల్ని 2017లో బయటివాళ్లకి కనిపించకుండా తీసేసింది. వినికిడి, చూపు లోపమున్నవాళ్లకి అవి అందుబాటులో లేవని అమెరికా న్యాయశాఖ తప్పుపట్టింది, సరిచేయాలంటే తలకు మించిన ఖర్చు. యంత్రం రాసిచ్చే సబ్‌టైటిళ్లు ఇప్పుడు బాగా మెరుగయ్యాయి, కానీ శాస్త్ర పదాల దగ్గర తప్పటడుగులు వేస్తాయి. ఒకరు కూర్చుని సరిచూడాల్సిందే.

పరీక్షల మీద క్లుప్తంగా చెప్తాను. డిగ్రీకి విలువ ఉండాలంటే రాసింది ఆ మనిషేనని తెలియాలి. ఇంట్లో కెమెరా పెట్టి కనుగుడ్ల కదలికలు గమనించే సాఫ్ట్‌వేర్ మీద నాకు నమ్మకమూ లేదు, ఇష్టమూ లేదు. భారతదేశంలో ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ పద్ధతి తెలివైనది: పాఠం, వారం వారం అసైన్‌మెంట్లు ఎవరికైనా ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయాలి. ఇప్పుడు అసైన్‌మెంట్లు యంత్రాలే రాసిపెడుతున్నాయి కాబట్టి, దానికి తోడు నేను పది నిమిషాల మౌఖిక పరీక్ష కలుపుతాను. ‘మీరే రాసిన ఈ మూడో పేరా కొంచెం వివరించండి’ అంటే చాలు, విషయం బయటపడుతుంది.

ఇక మీ మొదటి ప్రశ్న, ప్లాట్‌ఫాం. ఏదైనా పర్వాలేదు. మూడిల్ 2002 నుంచి ఉంది, ఉచితం, నడపడానికి ఇద్దరు మనుషులుంటే చాలు. ప్లాట్‌ఫాం మంచిదా చెడ్డదా అన్నదానికంటే ఒప్పందం చదవండి. ఫీజులో వాటా తీసుకుని మార్కెటింగ్, సర్వర్, రికార్డింగ్ అంతా మేం చూసుకుంటాం అనే కంపెనీలు వస్తాయి. అలాంటి పెద్ద కంపెనీ టూయూ 2021లో 80 కోట్ల డాలర్లకి ఎడెక్స్‌ని కొనుక్కుని, 2024 జులైలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెళ్లింది. కోర్సులు ఆగలేదు, కంపెనీ తర్వాత పునర్వ్యవస్థీకరణతో బయటపడింది. కానీ మీ కోర్సు మొత్తాన్ని, విద్యార్థుల రికార్డులతో సహా, ఏ రోజైనా బయటికి తీసుకుపోగలమా అన్న ఒక్క వాక్యం ఒప్పందంలో ఉందో లేదో చూడండి. లేకపోతే సంతకం పెట్టొద్దు.

అధ్యాపకుల్ని ఒప్పించడం గురించి. వాళ్ల అయిష్టానికి చాలావరకు 2020 కారణం. రాత్రికి రాత్రి జూమ్‌లోకి నెట్టారు, నల్లటి గళ్ల ముందు మాట్లాడించారు. అప్పుడే కొందరు విద్యావేత్తలు దానికి అత్యవసర దూర బోధన అని వేరే పేరు పెట్టి, దీన్ని ఆన్‌లైన్ విద్య అనుకోకండి అన్నారు. ఎవరూ వినలేదు. ఇప్పుడు మీ సహోద్యోగులు ఆన్‌లైన్ అంటే ఆ నల్లటి గళ్లనే తలచుకుంటారు. ఉపన్యాసాలతో వాళ్లు మారరు. కొత్త కోర్సు తయారుచేసే సెమిస్టర్‌లో ఒక పేపర్ బోధన తగ్గించండి, దిద్దే గంటల్ని వర్క్‌లోడ్‌లో రాయండి. మా దగ్గర అందరికంటే గట్టిగా వ్యతిరేకించిన ఆవిడ, వర్క్‌లోడ్ సర్క్యులర్ వచ్చిన వారానికి తన కోర్సు రూపురేఖలు పట్టుకొచ్చారు. సిద్ధాంతపరమైన అభ్యంతరాలనుకున్నవి చాలావరకు జీతం లేని పని మీద అభ్యంతరాలే.

ఒకేసారి పన్నెండు కోర్సులు వద్దు. రెండింటితో మొదలుపెట్టండి: ఒకటి విద్యార్థులు ఎక్కువగా తప్పే కోర్సు, ఇంకోటి పై తరగతిది. మూడో వారానికి లాగిన్ కానివాళ్లకి ఫోన్ చేసే మనిషి ఎవరో పేరుతో సహా ముందే రాసుకోండి. ఈమెయిల్ చాలదు, ఫోనే చేయాలి.

స్టూడియో మంజూరుని రద్దు చేయించమనను, ఒకసారి వెనక్కి పోయిన డబ్బు మళ్లీ రాదు. నిశ్శబ్దంగా ఉండే ఒక గది, రెండు మంచి మైకులు, పైనుంచి కాగితాన్ని చూపించే ఒక కెమెరా తీసుకుని, మిగిలినదాన్ని మార్చడానికి సవరణ నోట్ పెట్టండి. ఆ నోట్‌లో పద్దు పేరు ‘ట్యూటర్ల పనిగంటలు’ అనే రాయండి. ‘ఇతర ఖర్చులు’ కింద వేస్తే మొదటి కోతకే పోతుంది, మాకు అలాగే పోయింది.